పొయ్యిబొట్టు

మూడో చలిపూట

ఏమీ కనపడలేదు.

నియమం ప్రకారం ఇక్కడితో ఆపెయ్యాలి. వేడికన్ను దగ్గర కూర్చున్నవాళ్లు చూసింది రాయాలి, మనసులో ఉన్నది రాయకూడదని మాకు నేర్పారు. నేర్పిన మహానుభావుల ఇళ్లలో అప్పుడు ఎవరూ తప్పిపోయి ఉండరు. నేను రాస్తాను. నా తర్వాత ఈ కుర్చీలో కూర్చునేవాళ్లకి ఓపిక లేకపోతే దాటేసుకోవచ్చు.

నా పేరు నూకరత్నం. తప్పిపోయింది నా మొగుడు తవిటిరాజు. ఒంటి తెప్ప, అంటే ఒక్కడే నడిపే బుల్లి అంతరిక్ష నౌక, వేసుకుని జీడిపిక్క మీదకి మంచు కొయ్యడానికి వెళ్లాడు. "ముందు మొగం మీద దిగుతన్నాను. అంబలి సల్లార్చి ఉంచమని అమ్మకి సెప్పు" అన్నదే ఆఖరి మాట. తర్వాత తెప్ప నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఈ మనిషి దిగేముందు కూడా తిండి గురించే మాట్లాడతాడు. ఒళ్లు మండుతుంది నాకు.

జీడిపిక్క యురేనస్ వలయాల అంచున తిరిగే బుల్లి చందమామ. జీడిగింజ తొక్కలా నల్లగా, వంకరగా ఉంటుంది. యురేనస్‌ని మేము పెద్దాయన అంటాం. పక్కకి ఒరిగి పడుకున్న మనిషిని పేరు పెట్టి పిలవడం మర్యాద కాదని మా ముందువాళ్లు అనుకున్నారట. మా మంచుపాలెం ఆయన చుట్టూ తిరిగే మిరాండా అనే ఇంకో చందమామ మీద, కొండచరియ లోపలికి తవ్విన ఊరు. ఇక్కణ్నించి చూస్తే ఆయన ఎప్పుడూ ఆకాశంలో ఒకే చోట ఉంటాడు, కదలడు. వలయాలూ చందమామలూ మసిబొగ్గుల్లా ఉంటాయి కాబట్టి మామూలు కంటికి ఏదీ ఆనదు. వస్తువుల్లోంచి వచ్చే వేడిని, అంటే పరారుణ కాంతిని పట్టుకుని బొమ్మ గీసే వేడికన్నుతోనే చూడాలి. ఏ మంచు తాగడానికి పనికొస్తుందో, ఏ దారిన రాళ్లు గుద్దుకుంటున్నాయో చూసి చెప్పి తెప్పల్ని పంపడం నా పని.

ఊరు వెచ్చగా ఉంటే కన్నుకి ఊరే కనపడుతుంది. అందుకే చలిపూట. గంట కొడతారు, ఇళ్లలో వెచ్చదనం ఆపేస్తారు, అందరూ చావడిలో బొంతలు కప్పుకుని ఒకరినొకరు ఆనుకుని కూర్చుంటారు. మామూలుగా వారానికి ఒకసారి. తవిటిరాజు కోసం మూడు రోజులుగా రోజూ పెడుతున్నారు.

చూపు అయిపోయాక ఊరి పెద్ద అప్పలసూరి మావ తాడు పట్టుకుని పైకి వచ్చాడు. ఆయన మొహం చూస్తేనే నాకు విషయం అర్థమైంది.

"అమ్మా, రెండో తెప్ప ఒక్కటే ఉన్నాది. ఇందనం ఒక్కసారి ఎల్లి రావడానికే సరిపోద్ది. జీడిపిక్క ముందు మొగం నిండా పగుళ్లే. సోటు సూపించు, ముత్యాల్ని ఇప్పుడే పంపుతాను. సోటు తెలీకుండా పంపితే రెండిళ్లు ఏడుస్తాయి."

ముత్యాలు అంటే రెండో తెప్ప నడిపే అమ్మాయి. నాకు చిన్నప్పటి నుంచీ జత.

"ఇంకెన్ని చలిపూటలు ఇస్తావు మావా?"

"పిల్లలు దగ్గుతన్నారు. ఇంకో నాలుగు. ఆ తర్వాత పంపినా, ముత్యాలు సేరీసరికి ఆడి తెప్పలో గాలీ ఉండదు కదమ్మా."

నాలుగు చాలన్నాను. చాలో చాలవో నాకేం తెలుసు? అనాలి కాబట్టి అన్నాను.

మూడో చలిపూట తర్వాత

ఇంటికి వెళ్లేసరికి మా అత్త అసిరమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది. ఇక్కడ మంట పైకి ఎగబాకదు, అద్దం మూత కింద నేరేడు పండంత నీలంగా, గుండ్రంగా నిలబడి ఉంటుంది. కుండ ఎగిరిపోకుండా బందు వేసి, అత్త చోడి అంబలి కాస్తోంది.

మా ఊళ్లో మనిషి మంచు మీదకి వెళ్తే తిరిగొచ్చేదాకా ఆ ఇంటి పొయ్యి ఆర్పరు. చలిపూటలో ఊరంతా చల్లబడినా ఆ ఒక్క పొయ్యికి మాత్రం మినహాయింపు. ఆర్పితే మనిషి పోయినట్టే. అప్పుడు ఇరుగుపొరుగులు వండుకుని తెచ్చి పెడతారు. ఎవరింటి ముందైనా అలా గిన్నెలతో మనుషులు నిలబడితే ఇంకేమీ అడగక్కర్లేదు.

"ఏటి కనపడింది?" అంది అత్త, తల తిప్పకుండానే.

"ఏమీ లేదు."

"కూకో. తిను."

మూడు కంచాలు పెట్టింది. మూడోది తవిటిరాజుది. రోజూ పెడుతోంది. అందులో ఒక ఎండు చేప, తోక విరిగినది. నేను అంబలి తాగుతూ ఆ చేప వంకే చూస్తున్నాను. నిన్న కూడా తోక విరిగిందే.

"అత్తా, అది నిన్నటి చేపే కదూ?"

"మరేటి? మొన్నటిది కూడాను. ఎవుడూ తినని కంచానికి రోజూ కొత్త సేప ఏటి? ఆడొచ్చినాక కొత్తది ఏస్తాను."

నవ్వొచ్చింది. అలా నవ్వుతూనే ఏదో గుర్తొచ్చి అంబలి గొంతులో అడ్డం పడింది. కంచం అలాగే వదిలేసి పైకి పరిగెత్తాను. అత్త వెనకనించి తిడుతూనే ఉంది.

మూడు చలిపూటల బొమ్మలూ పక్కపక్కన పెట్టాను. జీడిపిక్క మాకు ఎడమ చివరికి వచ్చినప్పుడే దాని ముందు మొహం, అంటే అది తిరిగే దారిలో ముందుండే వైపు, మాకు కనపడుతుంది. బొమ్మలో అది ఎప్పుడూ కింద ఎడమ మూలకే వస్తుంది. ఆ మూల మూడు బొమ్మల్లోనూ ఒక్కలాగే ఉంది. నలక పడ్డ చోటు కూడా మారలేదు. వేడికన్ను బొమ్మలో నలకలు ఏ పూటకి ఆ పూట మారాలి. ఇది నిన్నటి చేప.

సంగతి ఏమిటంటే, ఆ మూలకి సరిగ్గా కిందే ఊరి పొగగొట్టం ఉంది. అన్ని ఇళ్ల పొగా అక్కణ్నించే బయటికి పోతుంది. బయట పడగానే ముగ్గుపొడిలా గడ్డకట్టి, ఆ వేడికి మెరుస్తూ, బొమ్మలో తెల్లటి మచ్చ అవుతుంది. ఎవరో ఒకరు ఎప్పుడూ మంచు మీద ఉంటారు కాబట్టి ఏదో ఒక పొయ్యి ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది, మచ్చా ఉంటుంది. పాతవాళ్లు దానికి పొయ్యిబొట్టు అని ముద్దుపేరు పెట్టి, దాన్ని తుడిచెయ్యమని యంత్రానికి నేర్పారు. తుడుస్తుందని నాకూ తెలుసు. తుడిచిన చోట ఏం పెడుతుందో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఎప్పటిదో పాత బొమ్మ ముక్క తీసి అతికిస్తోంది. మూడు రోజులుగా నేను కళ్లు కాయలు కాసేలా చూసింది ఈనాటి జీడిపిక్కని కాదు. నా మొగుడు పుట్టకముందుది కూడా అయి ఉండొచ్చు.

 ఆ అతుకుడు పని యంత్రం చేత మాన్పించేశాను. ఇకమీదట ఎవరూ మళ్లీ పెట్టకండి.

నాలుగో చలిపూట

అతుకు లేకుండా చూశాను. మూలంతా తెల్లగా పాలు ఒలికినట్టు ఉంది. జీడిపిక్క ఆ వెనకాల ఎక్కడో ఉంది. దాని అంచు కూడా తెలియడం లేదు.

ఊళ్లో వెలుగుతున్నది ఒకే ఒక్క పొయ్యి. మాది.

కన్నుని ఇంకో చోటికి మార్చాలంటే రాతిలోంచి ఊడదీసి, మళ్లీ దించి, చల్లబరిచి, సరిచెయ్యడానికి నెల పడుతుంది. నిప్పు పక్కింటికి మారుద్దామంటే వాళ్ల పొగా అదే గొట్టంలోకి పోతుంది. ఇదంతా ఆలోచించి, ఇంక దారి లేక, అత్త దగ్గరికి వెళ్లాను. ఆవిడ కుండ అడుగు గీకుతోంది.

"అత్తా, పొయ్యి ఆర్పాలి."

"ఏ పొయ్యి?"

"మన పొయ్యి."

గీకడం ఆగిపోయింది. "నీకు మతి పోనాదేటే?"

మచ్చ గురించి చెప్పాను. జీడిపిక్క గురించి చెప్పాను. ఆవిడ వింటోందో లేదో తెలియలేదు. ఆఖరికి గరిట కింద పెట్టింది.

"మీ మావ, నా పెనిమిటి, మంచు మీదకి ఎల్లినప్పుడు గ్యాసు ఆగిపోయి పొయ్యి ఆరిపోనాది. నాను ఊరంతా పరిగెట్టి నిప్పు తెచ్చినాను. నిప్పు ఎలిగీసరికి ఆయన పోనాడని కబురొచ్చీసింది. నాకు సెప్పకు."

"మావ తెప్ప రాళ్లకి గుద్దుకుంది అత్తా. పొయ్యికీ దానికీ సంబంధం..."

"నాకు సెప్పకన్నానా నేదా? ఆడు నా కొడుకు. నువ్వు నిన్న గాక మొన్న వొచ్చినావు."

"నిన్న గాక మొన్న కాదు, తొమ్మిదేళ్లయింది!" అని నేనూ గట్టిగానే అరిచాను. ఇద్దరం అరుచుకుంటుంటే పక్కింటివాళ్లు తలుపు తీసి, మా మొహాలు చూసి, మళ్లీ వేసేసుకున్నారు.

అప్పలసూరి మావకి తెలిసిపోయింది. ఈ ఊళ్లో తెలియకపోవడానికి ఏముంది! నన్ను పక్కకి పిలిచాడు. "ఊరి గ్యాసు మీట నా సేతిలో ఉన్నాది. నొక్కీసి, గ్యాసు ఆగిపోనాదని సెప్దామా?"

సరేనని నోటి చివరిదాకా వచ్చింది. నిజం రాస్తున్నాను. కానీ ఒకసారి గ్యాసు ఆగినప్పుడే ఆవిడ మొగుణ్ని పోగొట్టుకుంది. మళ్లీ అదే మాట వింటే ఆవిడ గుండె తట్టుకోలేదు. తవిటిరాజు బతికి వచ్చినా ఎవరి దగ్గరికి వస్తాడు?

"వద్దు మావా. ఆవిడే ఆర్పాలి."

"ఆవిడ ఆర్పుద్దేటి?"

"నేను ఆర్పిస్తాను."

అయిదో చలిపూట

పొద్దున్నే నేనూ ముత్యాలూ తాళ్లు కట్టుకుని బయటికి వెళ్లి, పొగగొట్టం మీద మంచు పలకలు పేర్చాం. పొగ పోయే దారి లేక తిరిగి ఊళ్లోకి తన్నింది. అందరూ కళ్లు మండి దగ్గుకుంటూ బయటపడ్డారు. మచ్చ తగ్గలేదు, కాస్త పక్కకి జరిగి ఇంకా వెడల్పయింది. పలకలన్నీ మళ్లీ మేమే తీసేశాం. ముత్యాలు చేతులు దులుపుకుని అంది కదా, "మీ అత్త కన్నా ఆ గొట్టవే నయం, అది మాటంటే తిరిగి తిట్టదు."

"ఆవిణ్ని పైకి తీసుకొస్తాను."

"అసిరమ్మప్పనా? ఈ కొండెక్కి? నీకు నిజంగానే మతి పోనాది."

ఏం చెప్పి తీసుకొచ్చానంటే, "నీ కొడుకుని వెతికే చోటు నువ్వు ఒక్కసారి కూడా చూడలేదు" అన్నాను. అంతే. కొంగు బిగించి బయలుదేరింది. దారంతా తాళ్లని, మెట్లని, తవ్వినవాళ్లని, నన్ను, అందరినీ తిట్టింది.

కన్ను గదిలో పరీక్షలకి వాడే చిన్న వేడికన్ను ఒకటి ఉంది. దాన్ని ఆవిడ వైపు తిప్పాను. తెర మీద అసిరమ్మ తెల్లగా వెలిగిపోతూ కనపడింది. ముక్కు మాత్రం నల్లగా ఉంది, చలికి.

"ఓలమ్మో, నానే?"

"నువ్వే."

గోడ మీద అరచెయ్యి ఆనించి తీసింది. తెర మీద అయిదు వేళ్లూ గోడకే అంటుకుని ఉండిపోయి, నెమ్మదిగా మాసిపోయాయి. మళ్లీ ఆనించింది. మళ్లీ చూసింది. చెయ్యి తీసేసినా వేడి కాసేపు నిలబడి ఉంటుందని చెప్పాను. తర్వాత పెద్ద కన్ను బొమ్మ చూపించాను. పెద్దాయన, వలయాలు, మూల తెల్లటి మచ్చ.

"ఇదేటి?"

"నీ పొయ్యి."

"ఇంత ఎలుగు నా పొయ్యేనా?" ఆవిడ గొంతులో కొంచెం గర్వం కూడా వినపడింది. "ఆడేడీ?"

"జీడిపిక్క దీని వెనకాల ఉంది. వాడు అక్కడ ఉన్నాడో లేదో నాకు తెలీదు అత్తా. నీకు అబద్ధం చెప్పను. ఉంటే మాత్రం దీని వెనకాలే ఉన్నాడు."

ఆవిడ తెర మీది మచ్చనే చూస్తూ కూర్చుంది. ఊపిరి పొగలు ఆవిడ మొహం ముందు గడ్డకట్టి రాలుతున్నాయి. ఒక్క మాట ఎక్కువైతే లేచి వెళ్లిపోతుందని నాకు భయం.

"ఇల్లు కనపడాలని గదేటి పొయ్యి ఎలిగించి ఉంచుతాం," అంది ఆఖరికి. "ఆడు నీకు కనపడకుండా నానే అడ్డం కూకున్నాను."

"అత్తా..."

"ఊరుకో. ఆర్పుతాను. గాని ఇను. ఒకటి, గిన్నెలట్టుకుని నా గుమ్మం తొక్కితే ఎవులినీ ఒగ్గను. రెండు, మళ్లీ ముట్టించేది ఆడే. ఆడు తప్ప ఎవులూ ముట్టుకోకూడదు. మూడు, ముత్యాలు తెప్ప ఎక్కినాక ఆడొచ్చీదాకా నువ్వా కుర్సీ దిగకూడదు. ఒట్టెయ్యి."

ఒట్టేశాను. 

ఆరో చలిపూట

పొద్దున అత్త స్నానం చేసి, పొయ్యి తుడిచి, మీట తిప్పింది. నేరేడు పండంత మంట రేగుపండంత అయి, బఠానీ గింజంత అయి, ఆరిపోయింది. ఆవిడ ఏడ్చింది. నేనూ ఏడ్చాను. తొమ్మిదేళ్లలో ఇద్దరం కలిసి చేసిన పని అదొక్కటే అనుకుంటాను.

అంతలోనే గుమ్మం ముందు గిన్నెలు. వాళ్ల తప్పేముంది, పొయ్యి ఆరిందని తెలిస్తే రావాలి కదా. అత్త గరిట పట్టుకుని లేచింది.

"ఎవులు సచ్చిపోనారని తెచ్చినారు? తీసుకుపొండి! నా కొడుకుని ఎతకడానికి ఆర్పినాను. తిండి నాకు ఆడొచ్చినాక పెట్టండి, బకెట్లతో తింటాను!"

అందరూ బెదిరి వెనక్కి తగ్గారు. ఇంట్లో వండుకోలేం, ఇంకొకరి కూడు ముట్టుకోం. చల్లని నీళ్లలో అటుకులు నానబెట్టుకుని తిన్నాం. తవిటిరాజు కంచంలో ఆ తోక విరిగిన చేప అలాగే ఉంది.

చలిపూటలో చూశాను. మచ్చ సగం పలచబడింది. పూర్తిగా పోలేదు. పొగగొట్టం చుట్టూ ఉన్న రాయి ఇన్నేళ్ల వేడి తాగి కూర్చుంది. ఇవాళ గంట కొట్టేదాకా ఊరి వెచ్చదనమంతా కూడా దాని పక్కనుంచే పోయింది. గోడ మీద అత్త వేళ్లలాగే, తీసేసినా నిలబడి ఉంది. జీడిపిక్క అంచు ఒక పక్క లీలగా తెలుస్తోంది, అంతే.

ఒక్క చలిపూటే మిగిలింది. గంట కొట్టిన తర్వాత ఆపితే రాయి చల్లారదు. ఇప్పటి నుంచి రేపు చూపు అయ్యేదాకా ఊరంతా అన్నీ ఆపెయ్యాలి. రాత్రంతా, పగలంతా. అప్పలసూరి మావతో చెబితే తల అడ్డంగా ఊపాడు. "పసిపిల్లలున్నారు రత్నం. నా నోటితో నానడగను."

"ఎవరు అడిగితే ఒప్పుకుంటావు?"

ఆయన జవాబు చెప్పేలోపే అత్త చావడి మధ్యకి వెళ్లి నిలబడింది. చేతిలో గరిట ఇంకా ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో మరిచిపోయినట్టుంది.

"నాను నా పొయ్యి ఆర్పీసినాను," అంది. గొంతు పెద్దది చెయ్యలేదు. "ఇంక మీ దగ్గర అడగడానికి నాకు సిగ్గేటి? రేపటిదాకా సల్లగా ఉండండి. పసోళ్లని నా బొంతలో కూకోబెట్టండి. నాను లావుగా ఉన్నాను, ఎచ్చగా ఉంటాది."

ఎవరో నవ్వారు. తర్వాత ముత్యాలు లేచి గోడ మీద మీట ఆపేసింది. ఆమె వెనక ఇంకొకరు, ఇంకొకరు. చావడిలో దీపాలు కూడా ఆరిపోయాయి. చీకట్లో అప్పలసూరి మావ "కానీండి, కానీండి" అని గొణగడం మాత్రం వినపడింది.

ఏడో చలిపూట

రాసేటప్పుడు వేళ్లు వంగడం లేదు. అయినా రాస్తాను.

మచ్చ పోయింది. జీడిపిక్క మూలలోకి వచ్చింది, ఈనాటి జీడిపిక్క, నలకలన్నీ కొత్తవి. ముందు మొహమంతా చల్లగా, నల్లగా ఉంది. పగుళ్లు ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చాను. పై వరస, మధ్య వరస. ఏమీ లేదు. కింద వరసలో పెద్ద పగులు అంచున సూది మొనంత తెలుపు.

మొదట నమ్మలేదు. నలక అనుకున్నాను. తర్వాతి బొమ్మ తీశాను. అక్కడే ఉంది. ఇంకోటి తీశాను. లేదు. ప్రాణం జారిపోయింది. ఇంకోటి తీశాను. ఉంది!

వెలుగుతోంది, ఆరుతోంది, వెలుగుతోంది. పాడైపోయిన తెప్ప అయితే ఊరికే చల్లారిపోతూ ఉంటుంది. దానంతట అది మళ్లీ వేడెక్కదు. ఎవరో పొయ్యి వెలిగించి, మూసి, మళ్లీ వెలిగిస్తున్నారు.

చావడితో మాట్లాడే గొట్టంలోకి ఏమని అరిచానో నాకే తెలీదు. కింద చావడి ఒక్కసారిగా గొల్లుమంది. కాసేపటికి అత్త గొంతు వినపడింది.

"ఎంతున్నాది?"

"సూది మొనంత."

"సాలు," అంది.  ఆవిడ గొట్టం దగ్గరే కూలబడి ఏడ్చిందని ముత్యాలు తర్వాత చెప్పింది.

చోటు రాసి ముత్యాలు చేతికి ఇచ్చాను. ఆమె తెప్పలోకి ఎక్కుతూ, "మీ ఆయన్ని తెస్తే నాకేటిస్తావు?" అంది.

"ఆయన్నే ఉంచుకో."

"అమ్మో, ఆ తిండికి నా జీతం సాలదు!" అని తలుపు వేసుకుంది.

చలిపూట లేదు

మూడు రోజులుగా చూపు పని లేదు. ఊరు వెచ్చబడింది. మా ఇంట్లో మాత్రం పొయ్యి ఆరే ఉంది. ముత్యాలు తెప్ప వలయాల అంచు దాటింది, జీడిపిక్క దగ్గరికి చేరింది, తర్వాత కబురు లేదు. పగుల్లోకి దిగితే మాట అందదని ముందే చెప్పింది. చెప్పినా సరే, నేను కుర్చీ దిగలేదు. ఒట్టేశాను కదా.

అత్త అటుకుల గిన్నె పట్టుకుని కొండెక్కి వచ్చింది. ఈసారి ఎవర్నీ తిట్టలేదు.

"మళ్లీ అటుకులేనా?"

"నోర్మూసుకు తిను. నానూ అవే తింటన్నాను."

ఇద్దరం ఒకే గిన్నెలో తిన్నాం. అడుగున బెల్లం ముక్క దాచి ఉంచింది. నా వైపు తోసింది.

చలిపూట లేదు, మర్నాడు

వచ్చారు.

తవిటిరాజు సగమయ్యాడు. బుగ్గలు లోపలికి పోయాయి, వేళ్ల చివర్లు చలికి నల్లబడ్డాయి. దిగుతుంటే మంచు పెళ్ల విరిగి తెప్ప మీద పడిందట. మాటలు పంపే తీగలన్నీ తెగిపోయాయి, తెప్ప పగుల్లో ఇరుక్కుపోయింది. నన్ను చూసి మొదట అన్న మాట ఇదీ:

"అంబలి కాసుకునే కరెంటు పొయ్యిని తెప్ప మీద పెట్టి, మిరాండా కనపడగానే ఎలిగించడం, మూయడం, ఎలిగించడం. మొదటి రోజు నుంచీ రోజూ సేసినాను. నువ్వు సూస్తన్నావనే."

"మూడు రోజులు పాత బొమ్మ చూశాను," అన్నాను. "నాలుగు, అయిదు, ఆరు రోజులు మీ అమ్మ పొయ్యి చూశాను."

వాడు నవ్వాడు. నాకు ఒళ్లు మండింది, ఏడుపు కూడా వచ్చింది. చేతికి దొరికిన చోటల్లా కొట్టాను. ముత్యాలు పట్టుకుని లాగింది.

ఇంటికి వెళ్లేసరికి అత్త పొయ్యి దగ్గర నిప్పుపుల్ల పట్టుకుని నిలబడి ఉంది. తన చేత్తో ముట్టించనని పట్టుబట్టింది. వాడి వేళ్లు పుల్ల పట్టడం లేదు. రెండుసార్లు జారిపోయి గాల్లో తేలింది. మూడోసారి అత్త వాడి మణికట్టు పట్టుకుంది, నేను వాడి వేళ్ల మధ్య పుల్ల ఇరికించి పట్టుకున్నాను. మంట అంటుకుంది. అత్త ఆ పాత చేప తీసి పారేసి, కొత్త చేప పెనం మీద వేసింది. తవిటిరాజు "ఒక్కటేనేటి?" అన్నాడు.

ఆ సాయంత్రం ఇరుగుపొరుగులందరూ గిన్నెలు పట్టుకుని మళ్లీ వచ్చారు. ఈసారి అత్త అడ్డుకోలేదు. బకెట్లతో కాకపోయినా బాగానే తింది.

మామూలు చలిపూట

ఇది తర్వాతివాళ్ల కోసం రాస్తున్నాను.

ముత్యాలు మంచు మీదకి వెళ్లింది. వాళ్ల ఇంట్లో వాళ్ల నాన్న ఒక్కడే. చలిపూట గంట కొట్టినా పొయ్యి ఆర్పనని మొండికేశాడు. తాతల నాటి నుంచీ లేనిది ఇప్పుడేమిటి, మనిషి బయట ఉండగా పొయ్యి ఆర్పుతారా అన్నాడు. అప్పలసూరి మావ చెప్పినా వినలేదు. తెర మీద మూల తెల్లగా ఉంది. నేను పైన కూర్చుని పళ్లు నూరుకుంటున్నాను.

ఉన్నట్టుండి మచ్చ పలచబడడం మొదలైంది. మాట్లాడే గొట్టంలోంచి అత్త రొప్పు వినపడింది.

"ఓలే రత్నం! ముసలాయన పొయ్యి దగ్గర కూకుని ఆర్పించీసినాను. ఏడుస్తన్నాడు. బేగి సూసి సెప్పు, ఆ పిల్ల కనపడతన్నాదా?"

మచ్చ సగం పలచబడేదాకా ఆగాను, నడుస్తున్న తెప్ప బాగా వేడిగా ఉంటుంది కాబట్టి ఆ మాత్రం చాలు. బొమ్మ తీశాను. వలయం అంచు దాటి, ఎడమ మూలలో, చిన్న తెల్లటి చుక్క కదులుతోంది.

"కనపడుతోందత్తా," అన్నాను. "ఆయనకి చెప్పు."